ఒక్క గోల్‌తో పేరొచ్చిన కుర్రాడు నిజంగానే అలా మారిపోతాడా?

మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. 2007లో వచ్చిన 'గోల్' అనే ఫుట్‌బాల్ సినిమా రెండో భాగం చూశారు. మొదటి భాగంలో నానా తిప్పలు పడి ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ జట్టులో చోటు సంపాదించిన సాంటియాగో, ఇందులో స్పెయిన్‌లోని పెద్ద క్లబ్బు రియల్ మాడ్రిడ్‌కి వెళ్తాడు. పెద్ద ఇల్లు, ఖరీదైన కారు, వెంటపడే కెమెరాలు వచ్చేస్తాయి. పెళ్ళాడాలనుకున్న అమ్మాయి న్యూకాజిల్‌లో నర్సు ఉద్యోగంలో ఉండిపోతుంది. తనని మొదట చేరదీసిన పెద్దాయన్నే ఏజెంటుగా వద్దనుకుంటాడు. మీరు అడిగింది: "కొన్ని నెలల్లోనే మనిషి అంతలా మారిపోతాడా? కళ్ళు నెత్తికెక్కడం అంటే ఇదేనా, లేక సినిమా కోసం పెంచి చూపించారా? కోచ్ అతన్ని మాటిమాటికీ బెంచీ మీద కూర్చోబెట్టడం న్యాయమేనా? మూడో భాగం చూడొచ్చా?"

ముందు సూటిగా జవాబు. మార్పు నిజమే. కానీ ముందుగా మారేది కుర్రాడు కాదు, వాడి చుట్టూ ఉన్నవాళ్ళు. వాడు మారడం ఆ తర్వాత మొదలవుతుంది, అదీ చాలా నెమ్మదిగా. సినిమా ఈ వరుసని తిరగేసింది. అది తప్ప మిగతా చాలా విషయాల్లో, ముఖ్యంగా ఒంటరితనం చూపించిన తీరులో, మనం అనుకునేదానికన్నా నిజానికి దగ్గరగానే ఉంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పి అసలు విషయానికి వస్తాను. ఇంగ్లండ్‌లో రెండు క్లబ్బుల అకాడమీల్లో కలిపి పదకొండేళ్ళు పనిచేశాను. పదహారు నుంచి ఇరవై ఒక్క ఏళ్ళ ఆటగాళ్ళ బాగోగులు చూసుకోవడం నా పని. అక్కడ దాన్ని ప్లేయర్ కేర్ అంటారు. ఉండటానికి ఇల్లు చూడటం, బ్యాంకులో ఖాతా తెరిపించడం, డ్రైవింగ్ పరీక్షకి తయారుచేయించడం, అమ్మానాన్నలతో మాట్లాడటం, అర్ధరాత్రి ఫోనొస్తే ఎత్తడం. బంతి తన్నడం నేర్పేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. బంతి ఆగాక మిగిలే గంటలు నా వంతు.

మీ ప్రశ్నకి జవాబు ఉన్నది ఆ గంటల్లోనే. పెద్ద క్లబ్బులో ఆటగాడి దినచర్య బయటివాళ్ళకి పెద్దగా తెలియదు. ఉదయం తొమ్మిదిన్నరకి వస్తారు, పదిన్నరకి మైదానంలోకి దిగుతారు, పన్నెండున్నరకి ముగిస్తారు. ఒంటిగంటకి భోజనం. రెండు కల్లా చాలామంది ఇంటికి వెళ్ళిపోతారు. అక్కణ్ణుంచి మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర దాకా ఖాళీయే. పైగా ఒళ్ళు అలిసిపోకూడదు కాబట్టి ఎక్కువగా తిరగొద్దంటారు, వేరే ఆటలు వద్దంటారు. పద్దెనిమిదేళ్ళవాడికి రోజూ పందొమ్మిది గంటల ఖాళీ. పేరు లేనప్పుడు ఆ ఖాళీని పాత స్నేహితులు, తమ్ముడితో వీడియో గేములు, అమ్మ చెప్పే చిన్నాచితకా పనులు నింపేస్తాయి. పేరొచ్చిన మర్నాటి నుంచి ఆ ఖాళీలోకి కొత్తవాళ్ళు వచ్చి కూర్చుంటారు. బెల్లం ఉన్నచోట ఈగలు అని ఊరికే అనలేదు. కానీ ఆ ఈగలకి దారి తీసింది ఆ మధ్యాహ్నాలే.

దీనికి నేను దగ్గర నుంచి చూసిన ఒక సంగతి చెప్తాను. పేరు చెప్పను, గుర్తుపట్టేలానూ చెప్పను.

వింగ్‌లో, అంటే మైదానం పక్క అంచు వెంబడి ఆడే కుర్రాడు, అప్పటికి పద్దెనిమిది నిండి రెండు నెలలు. ఒక కప్ మ్యాచ్‌లో ముందున్న ఆటగాడికి తొడ పట్టేయడంతో డెబ్భయ్యో నిమిషంలో దించారు. చివర్లో వాడే గెలుపు గోల్ కొట్టాడు. మర్నాడు పొద్దున ఫిజియో గదిలో బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు, కాలికి మసాజ్ చేస్తున్నారు. పక్కన స్టీలు ట్రాలీ మీద వాడి ఫోను తిరగేసి పెట్టి ఉంది. అది ఆగకుండా వణుకుతోంది. వణికిన ప్రతిసారీ ఒక్క వెంట్రుకవాసి జరుగుతోంది. మేం ముగ్గురం మాట్లాడకుండా దాన్నే చూస్తున్నాం. ఇరవై నిమిషాలు పట్టిందనుకుంటా, అంచు దాకా వచ్చి కింద పడింది. వాడు నవ్వాడు. తీసి చూడలేదు. "ఇందులో ఒక్కటీ మా నాన్నది కాదు" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. మూడు వారాల తర్వాత అర్థమైంది. ఆరేళ్ళ వయసు నుంచీ ప్రతి మ్యాచ్ తర్వాత వాళ్ళ నాన్న కారులో ఇంటికి తీసుకెళ్ళేవాడు. దారి పొడవునా తిట్లే. వెనక్కి పరుగెత్తలేదేం, ఎడమ కాలు దేనికుంది, ఆ పాస్ ఎవరికి ఇచ్చావు. నలభై నిమిషాల దారిలో ముప్ఫై నిమిషాలు ఇదే. ఆ గోల్ పడిన రాత్రి ఆయన కారు తలుపు తీసి "ఏం తింటావు నాన్నా?" అని అడిగాడట. అంతే. ఆ తర్వాత చాన్నాళ్ళు ఆట గురించి ఒక్క మాట అనలేదు. కొత్త ఒప్పందం, ఇల్లు, పెట్టుబడులు, వీటి గురించే మాట్లాడేవాడు. ఒకరోజు నా గదిలో కూర్చుని ఆ కుర్రాడు ఏడుస్తూ చెప్పింది ఇదీ: "మా నాన్న నన్ను తిట్టడం మానేశాడు."

ఆ తండ్రి చెడ్డవాడు కాదు. కొడుకు తనని మించిపోయాడు, ఇక తను చెప్పేదేముంది అనుకున్నాడు. అంతవరకూ ఆట తెలిసిన పెద్దమనిషిగా మాట్లాడినవాడు ఆ రాత్రితో అభిమాని అయిపోయాడు. పద్దెనిమిదేళ్ళవాడికి అభిమానులు వేలమంది దొరుకుతారు. తండ్రి స్థానంలో ఉండి "ఇది తప్పురా" అనేవాడు ఒక్కడే ఉంటాడు, ఆ ఒక్కడూ ఆ మాట మానేశాడు.

అందుకే సినిమాలో సాంటియాగో ఆ పాత ఏజెంటుని వదులుకునే ఘట్టం నాకు చాలా నిజంగా అనిపించింది. ప్రేక్షకులు దాన్ని కృతఘ్నత అనుకుంటారు. నా అనుభవంలో అది తరచూ ఇలా జరుగుతుంది. తన ఆట మొదట గుర్తించినవాడికి తన భయాలు తెలుసు, తన పాత చొక్కా తెలుసు. కొత్తగా వచ్చిన పెద్ద ఏజెంటుకి అవేవీ తెలియవు. కొత్తవాడి ముందు కుర్రాడు కొత్త మనిషిగా ఉండొచ్చు. డబ్బు కన్నా ఈ సౌకర్యానికే పడిపోయేవాళ్ళని ఎక్కువ చూశాను. ఇది పొగరు అనుకుంటే పొరపాటు. సిగ్గు అనుకుంటే కొంత దగ్గరికి వస్తారు.

ఇక 'కళ్ళు నెత్తికెక్కడం' గురించి. బయటినుంచి పొగరులా కనిపించేదాంట్లో పెద్ద వాటా భయం. దీనికి బోయన్ క్ర్కిచ్ కన్నా మంచి ఉదాహరణ లేదు. 2007లో పదిహేడేళ్ళకి బార్సిలోనా మొదటి జట్టులోకి వచ్చాడు, మరో మెస్సీ అని అందరూ నెత్తిన పెట్టుకున్నారు. 2008 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌తో మ్యాచ్‌కి స్పెయిన్ జట్టులోకి పిలుపొచ్చింది, ఆడలేదు. కడుపులో బాగోలేదని బయటికి చెప్పారు. ఆ ఏడాది యూరో కప్పుకీ వెళ్ళలేదు, స్పెయిన్ గెలిచింది కూడా. దేశం పిలిస్తే రానన్నాడని జనం చెప్పుకున్నారు. అసలు సంగతి అతను పదేళ్ళ తర్వాత 2018లో బయటపెట్టాడు: తల తిరగడం, ఆందోళన, ఊపిరాడనట్టు ఉండటం. డ్రెస్సింగ్ రూములో పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా అతను విర్రవీగుతున్నాడో వణికిపోతున్నాడో తేడా తెలియకపోవచ్చు. నాకూ మొదటి మూడు నాలుగేళ్ళు తెలిసేది కాదు.

తేడా ఎలా పట్టుకోవాలని కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు అడిగేవారు. నేను ఒకే ఒక్క విషయం చూడమనేవాణ్ణి. కుర్రాడు ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడా, లేక మరీ ముందుగా వస్తున్నాడా? ఆలస్యంగా వచ్చేవాడితో పెద్ద చిక్కు లేదు, జరిమానా వేస్తే నెలలో దారికొస్తాడు. శిక్షణ పదిన్నరకైతే ఏడింటికే వచ్చి కారులో కూర్చునేవాడి గురించి నాకు నిద్ర పట్టేది కాదు. వాడికి ఇంట్లో ఉండటం కష్టంగా ఉందన్నమాట.

నిద్ర అన్నాను కాబట్టి, సినిమాలు ఎప్పుడూ చూపించని సంగతొకటి చెప్పాలి. రాత్రి మ్యాచ్ పదింటికి అయిపోతుంది. ఒంట్లో ఉద్రేకం తగ్గదు, చాలామంది మ్యాచ్ ముందు కెఫీన్ కూడా తీసుకుంటారు. ఇంటికి చేరేసరికి పన్నెండు. నిద్ర పట్టేసరికి మూడో నాలుగో. ఆ మూడు గంటలూ చేతిలో ఫోను. తన గురించి పొగిడిన తొంభై తొమ్మిది మాటలు దాటుకుంటూ పోయి, తిట్టిన ఒక్కదాని దగ్గర ఆగుతాడు. వారానికి రెండు మ్యాచ్‌లుంటే వారానికి రెండు రాత్రులు ఇంతే. నిద్రమాత్రలు అలవాటయ్యేది ఈ దారిలోనే. ఇంగ్లండ్ జట్టుకి ఆడిన డెలీ అలీ 2023లో మాజీ ఆటగాడు గ్యారీ నెవిల్‌తో మాట్లాడుతూ నిద్రమాత్రలకి బానిసయ్యానని, చికిత్స తీసుకున్నానని, చిన్నతనంలో అనుభవించిన నరకం ఏమిటో కెమెరా ముందు చెప్పాడు. ఇరవై ఏళ్ళకే ఇంగ్లండ్ అంతా పేరు మోగిన ఆటగాడు అతను. అంతవరకూ అతని ఆట పడిపోవడానికి సోమరితనమే కారణమని రాసినవాళ్ళు చాలామంది. ఆ సంభాషణ మా అకాడమీ కుర్రాళ్ళందరికీ కలిపి చూపించాం. అయిపోయాక గదిలో చప్పుడు లేదు. ఆ సాయంత్రం ఇద్దరు విడివిడిగా నా గదికి వచ్చారు.

ఇప్పుడు న్యూకాజిల్ నుంచి మాడ్రిడ్ ప్రయాణం. సినిమా కథలా కనిపిస్తుంది కానీ నిజంగా జరిగింది. 2004 ఆగస్టులో జోనథన్ వుడ్‌గేట్ అనే డిఫెండర్ సరిగ్గా ఈ దారిలోనే వెళ్ళాడు. గాయం వల్ల ఏడాదికి పైగా మైదానంలోకే దిగలేకపోయాడు. చివరికి 2005 సెప్టెంబరులో అథ్లెటిక్ బిల్బావో మీద మొదటి మ్యాచ్ ఆడాడు. ఆ ఒక్క మ్యాచ్‌లోనే సొంత గోల్ వేసుకున్నాడు, ఎర్ర కార్డుతో బయటికి వచ్చాడు. ఏ రచయితా రాయడానికి సాహసించని సన్నివేశం ఇది. అదే 2004లో లివర్‌పూల్ నుంచి మైకేల్ ఓవెన్ మాడ్రిడ్ వెళ్ళాడు. తరచూ బెంచీ మీద నుంచి దిగుతూ స్పెయిన్ లీగ్‌లో 13 గోల్స్ కొట్టాడు. అయినా ముందు రౌల్, బ్రెజిల్ రొనాల్డో ఉండగా స్థిరమైన చోటు దొరకలేదు, ఏడాది తిరగగానే ఇంగ్లండ్ తిరిగొచ్చి న్యూకాజిల్‌లోనే చేరాడు. ఇద్దరిలో ఎవరికీ పొగరెక్కలేదు. ఒకరిని ఒళ్ళు మోసం చేసింది, మరొకరు బాగా ఆడి కూడా మూడోవాడుగానే మిగిలాడు. సినిమా చెప్పనిది ఇదే: పెద్ద క్లబ్బులో ఓడిపోవడానికి తప్పు చేయక్కర్లేదు. తెర మీద హీరో కిందపడితే దానికి అతని తప్పొకటి ఉండి తీరాలి. అది దిద్దుకుంటే గెలవాలి. నిజంలో తప్పే లేనప్పుడు కుర్రాడు దేన్ని దిద్దుకోవాలో తెలియక తనలో లేని తప్పులు వెతుక్కుంటాడు. నేను చూసిన పతనాల్లో సగం ఆ వెతుకులాటలోనే మొదలయ్యాయి.

మీరు "కొన్ని నెలల్లోనే" అన్నారు కదా, దాని గురించి ఒక్క మాట. సినిమా రెండు గంటలు కాబట్టి తొందరపడింది. అసలు లెక్క ఏళ్ళలో ఉంటుంది. మార్టిన్ ఎడెగార్ 2015 జనవరిలో పదహారేళ్ళకి నార్వే నుంచి రియల్ మాడ్రిడ్‌కి వచ్చాడు. యూరప్‌లోని పెద్ద క్లబ్బులన్నీ అతని కోసం క్యూ కట్టాయి. ఆ మే నెలలో గెటాఫె మీద క్రిస్టియానో రొనాల్డో స్థానంలో దిగినప్పుడు వయసు 16 ఏళ్ళ 157 రోజులు. ఆ క్లబ్బు చరిత్రలోనే అందరికన్నా చిన్నవాడు. సినిమా అయితే అక్కడ ఆగిపోయేది. కానీ వారమంతా శిక్షణ పెద్ద జట్టుతో, మ్యాచ్ మాత్రం రిజర్వ్ జట్టుతో. అటూ కాక ఇటూ కాక ఏ జట్టులోనూ కలవలేకపోయానని తర్వాత తనే చెప్పాడు. 2017లో నెదర్లాండ్స్‌లోని హీరెన్‌వేన్‌కి, తర్వాత విటెస్‌కి, మళ్ళీ స్పెయిన్‌లో రియల్ సొసైడాడ్‌కి, 2021లో ఇంగ్లండ్‌లోని ఆర్సెనల్‌కి, ఇలా అరువు మీద, అంటే కొన్నాళ్ళకోసం వేరే క్లబ్బులకి ఆడుతూ తిరిగాడు. ఈ మధ్య కాలంలో అతని పని అయిపోయిందని చాలామంది అనేశారు. 2022లో ఆర్సెనల్ కెప్టెన్ అయ్యాడు. మొదటి ఫోటో నుంచి కెప్టెన్ పట్టీ దాకా ఏడున్నరేళ్ళు. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకి ఎప్పుడూ ఈ కథే చెప్పేవాణ్ణి. వాళ్ళు మొదటి సగం విని మురిసిపోయేవాళ్ళు, రెండో సగానికి వాచీ చూసుకునేవాళ్ళు.

సరే, మరి ఇన్ని చిక్కులు దాటి నిలబడ్డవాళ్ళు ఏం చేశారు? అందరికీ పనికొచ్చే మందంటూ ఏదీ నా దగ్గర లేదు. కానీ నేను చూసినంతలో, బాగా నిలబడ్డవాళ్ళ మధ్యాహ్నాలు ఖాళీగా లేవు. జూడ్ బెల్లింగమ్ 2020లో పదిహేడేళ్ళకి బర్మింగమ్ నుంచి జర్మనీలోని డోర్ట్‌మండ్‌కి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మ అతనితో పాటు వెళ్ళి ఉంది. తండ్రి తమ్ముడితో ఇంగ్లండ్‌లో ఉండిపోయాడు. ఆ ఇల్లు రెండు దేశాల్లోకి చీలింది. చిన్న త్యాగం కాదది. శిక్షణ అయ్యాక తలుపు తీస్తే లోపల అమ్మ ఉంటుంది, బూట్లు విప్పి లోపలికి రమ్మంటుంది. నా ఉద్యోగం చేసేవాళ్ళు పదిమంది కలిసినా ఆ పని చేయలేరు. స్పెయిన్ కుర్రాడు లామీన్ యమాల్ 2024 యూరో కప్పులో ఫ్రాన్స్ మీద గోల్ కొట్టినప్పుడు పదిహేడు నిండలేదు. ఆ టోర్నమెంటుకి స్కూలు పాఠాలు వెంట తెచ్చుకున్నాడు. చదువు పూర్తవడం అటుంచండి, చేయాల్సిన హోంవర్క్ ఉన్న కుర్రాడికి రాత్రి ఫోను పట్టుకునే గంటల్లో ఒకటి తగ్గుతుంది.

వేన్ రూనీ కథలో నాకు నచ్చేది కూడా ఇలాంటిదే. 2002 అక్టోబరు 19న, పదిహేడేళ్ళకి ఐదు రోజుల ముందు, ఎవర్టన్ తరఫున దిగి చివరి నిమిషంలో ఆర్సెనల్ మీద గోల్ కొట్టాడు. ఆర్సెనల్ అప్పటికి లీగ్‌లో 30 మ్యాచ్‌లుగా ఓడలేదు. ఇంగ్లండ్‌లో ఆ రాత్రి అతని పేరు తెలియనివాడు లేడు. అప్పటికింకా శిక్షణలో ఉన్న కుర్రాళ్ళకిచ్చే భత్యం మీదే ఉన్నాడు, పదిహేడు నిండితే గాని ఇంగ్లండ్‌లో వృత్తి ఒప్పందం రాసుకోవడానికి లేదు. మేనేజర్ డేవిడ్ మోయెస్ అతన్ని విలేఖరుల ముందుకి దాదాపు పంపేవాడే కాదు. అప్పట్లో పత్రికలు దానికి సణిగాయి. ఇప్పుడు మేమందరం అదే పాఠం చెప్తాం.

కానీ జాగ్రత్త, అమ్మ పక్కనుంటే చాలు అన్నీ సర్దుకుంటాయని నేననడం లేదు. మీకు గుర్తుండే ఉంటుంది, సినిమాలో సాంటియాగోకి మాడ్రిడ్‌లోనే కన్నతల్లి, తనెన్నడూ ఎరగని తమ్ముడు తారసపడతారు. సినిమా దాన్ని కథలో మలుపుగా వాడుకుంది. కాస్త అతిగా ఉందని చాలామంది నవ్వుతారు. నేను నవ్వలేకపోయాను. పేరొచ్చిన ఆరు నెలల్లో ఎన్నాళ్ళుగానో కనిపించని తండ్రి గేటు దగ్గర నిలబడటం నేను మూడుసార్లు చూశాను. ముగ్గురిలో ఒకాయన నిజంగానే కొడుకుని చూసుకోవడానికి వచ్చాడు. ఏది ఏదో ఆ కుర్రాడికి ఎలా తెలుస్తుంది? అలాంటప్పుడు నేను చెప్పేది ఒకటే. కలవండి, కానీ మొదటి ఏడాది ఆయనతో డబ్బు మాట వద్దు, ఇచ్చేదీ వద్దు, ఆయన ద్వారా పెట్టేదీ వద్దు. ఆగగలిగినవాడు ఆగుతాడు. ఇద్దరు ఆగలేదు.

డబ్బు గురించి పెద్దగా రాయను, ఎందుకంటే అందరూ అదే రాస్తారు. ఒక్క నియమం మాత్రం తెలుసుకోండి. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫీఫా నిబంధనల ప్రకారం పద్దెనిమిది నిండని ఆటగాడు మూడేళ్ళకి మించి ఒప్పందం రాసుకోకూడదు. కుర్రాడి ఇంట్లో ఎవరైనా "ఏడేళ్ళకి కట్టేశారు, జీవితం స్థిరపడింది" అంటున్నారంటే ఆ కాగితాన్ని ఆటల ఒప్పందాలు తెలిసిన వకీలుకి చూపించమనండి. కార్ల గోల అంటారా, మా క్లబ్బులో ఇరవై ఒకటి దాటేదాకా పెద్ద ఇంజిన్ కారు వద్దని నియమం ఉండేది. కుర్రాళ్ళు తిట్టుకునేవాళ్ళు, తల్లులు దండం పెట్టేవాళ్ళు.

ఇక బెంచీ సంగతి. కోచ్ చేసింది న్యాయమే. ఇందులో నాకు సందేహం లేదు. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి ఆఖరి ఇరవై, ముప్ఫై నిమిషాలకి దించడం శిక్ష కాదు, కాపలా. అప్పటికి అవతలి డిఫెండర్లు అలిసి ఉంటారు, మైదానంలో ఖాళీలు తెరుచుకుంటాయి, తప్పు చేసినా నింద తక్కువ. చిక్కంతా ఎక్కడంటే, అలా దిగినప్పుడల్లా గోల్ కొట్టేస్తే జనం ప్రతివారం "వీణ్ణి మొదటినుంచీ ఆడించరేం?" అంటారు. వాడూ నమ్ముతాడు. తొంభై నిమిషాల ఆట వేరే ఆట అని వాడికి ఇంకా తెలియదు. అరవయ్యో నిమిషంలో కాళ్ళు బరువెక్కినప్పుడు, రెండుసార్లు బంతి పోగొట్టుకున్నాక స్టేడియం గొణుగుతున్నప్పుడు మూడోసారి బంతి అడగగలడా లేదా అన్నది బెంచీ మీద నుంచి వచ్చి ఆడినవాడికి పరీక్షకే రాదు.

ఇంకో సంగతి, ఇది శరీరానిది. మ్యాచ్‌లో ఇరవై నిమిషాలే ఆడినవాడికి వారమంతా పరుగు సరిపోదు. అకస్మాత్తుగా ఒకరోజు తొంభై నిమిషాలు ఆడిస్తే తొడ వెనక కండరం పట్టేస్తుంది. అందుకే ఎప్పుడైనా స్టేడియంలో మ్యాచ్ చూస్తే చివరి విజిల్ పడగానే లేచిపోకండి. జనం మెట్లు దిగుతుంటారు, కుర్చీల మధ్య చెత్త ఏరుతుంటారు, లైట్లు సగం ఆర్పేస్తారు. అప్పుడు కింద ఆరేడుగురు ఆటగాళ్ళు ఒక కోచ్ విజిల్‌కి ఈ గీత నుంచి ఆ గీతకి పరుగులు తీస్తుంటారు. వాళ్ళే ఆ రోజు బెంచీ వాళ్ళు. ఆ పరుగుల్లో ఎవడు గీత తాకి వెనక్కి తిరుగుతున్నాడో, ఎవడు గీతకి మూరెడు ముందే తిరిగిపోతున్నాడో నేను పైనుంచి చూసేవాణ్ణి. పేరు తలకెక్కిందా లేదా అని నన్నడిగితే పత్రికలు చదవను, ఆ గీత చూస్తాను. నేను చెప్పిన ఫోను కుర్రాడు రెండో ఏడాది శీతాకాలం అంతా మూరెడు ముందే తిరిగాడు. తర్వాత వాణ్ణి కింది డివిజన్ క్లబ్బుకి అరువిచ్చారు. అక్కడ వాడి పేరు చూసి టికెట్ కొన్నవాళ్ళు లేరు, బట్టలు ఎవరివి వాళ్ళే ఉతుక్కునేవాళ్ళు. ఒక ఆదివారం ఫోన్ చేశాడు. నిన్న వాళ్ళ నాన్న మ్యాచ్‌కి వచ్చాడట, బయటికి వస్తూ "ఆ రెండో గోల్ నీ వల్లే పడింది, మనిషిని వదిలేశావు" అన్నాడట. ఇది చెప్పడానికే చేశానన్నాడు. గొంతులో అంత హుషారు ఆ కప్ మ్యాచ్ రోజు కూడా వినలేదు.

చివరిగా మూడో భాగం. మీరు వెతుకుతున్నది అందులో దొరకదు. 2009లో వచ్చింది, కథ 2006 జర్మనీ ప్రపంచకప్పు వైపు వెళ్ళిపోయింది. సాంటియాగో కారు ప్రమాదంలో గాయపడి పక్కకి తప్పుకుంటాడు, ఇంగ్లండ్ జట్టులోని వేరే ఇద్దరు కుర్రాళ్ళు ముందుకొస్తారు. మాడ్రిడ్‌లో వచ్చిన పేరుతో ఆ తర్వాత పదేళ్ళు అతను ఎలా బతికాడన్నది ఎవరూ చూపించలేదు. దానికి బదులు ఎడెగార్ హీరెన్‌వేన్‌లో ఆడిన రోజుల మ్యాచ్‌లు ఏవైనా దొరికితే చూడండి. రియల్ మాడ్రిడ్‌లో రొనాల్డో చోట దిగిన కుర్రాడే, రెండేళ్ళ తర్వాత నెదర్లాండ్స్‌లో ఓ చిన్న స్టేడియంలో కార్నర్ కొట్టడానికి బంతి సర్దుకుంటూ కనిపిస్తాడు.